మూడో అంతస్తు గోడకు చెమ్మ, నాలుగో అంతస్తులో స్నానాలగది

ప్రశ్న: మాది అనంతపురం. బెంగళూరు మారతహళ్లి దగ్గర 40 ఫ్లాట్లున్న అపార్ట్‌మెంటులో మూడో అంతస్తులో ఉంటున్నాము. భవనం 2013లో పూర్తయింది. మేము 2019లో పాత యజమాని దగ్గర కొన్నాము. ఉగాది వెళ్లిన దగ్గర నుంచి, పిల్లల గదిలో స్నానాలగదిని ఆనుకొని ఉన్న గోడకు పైభాగంలో చెమ్మ మొదలై, ఇప్పుడు మంచం ఎత్తు వరకు దిగింది. స్నానాలగది కప్పు నుంచి, లైటు పక్కన, చుక్క చుక్కగా నీరు పడుతోంది. పై ఇంట్లో నెల్లూరు నుంచి వచ్చిన రిటైర్డ్ మాస్టారు, ఆయన భార్య ఉంటారు. మా పిల్లలకు తాత, అమ్మమ్మల లాంటివారు. అడిగితే "మా బాత్రూం పొడిగానే ఉందమ్మా, వచ్చి చూసుకో" అంటున్నారు. అసోసియేషన్ సెక్రటరీగారు "అది మీ రెండిళ్ల వ్యవహారం" అన్నారు. ఒక మేస్త్రి కింది నుంచి కెమికల్ ఎక్కిస్తే ఆగిపోతుందని చెప్పి 14 వేలు తీసుకున్నాడు. నెలన్నర తిరగకముందే మళ్లీ మొదలైంది. ఈ ఖర్చు ఎవరు పెట్టుకోవాలి? కోర్టుకు వెళ్లక తప్పదా? స్లాబు బలహీనపడుతుందా? — ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో నన్ను అన్నిటికన్నా ముందు ఆపిన మాట "లైటు పక్కన" అన్నది. స్లాబు పోసేటప్పుడే కరెంటు వైర్ల గొట్టాలను అందులో పెట్టేస్తారు కాబట్టి, స్లాబులోకి దిగిన నీటికి ఆ గొట్టమే సులువైన దారి అవుతుంది, లైటు పాయింటు దగ్గరో ఫ్యాను కొక్కెం దగ్గరో బయటికి వస్తుంది. అందువల్ల ఈ ఉత్తరం చదవడం ఆపి అయినా సరే, ఆ స్నానాలగది లైటుకు, గీజరుకు సంబంధించిన ఎంసీబీలను (మెయిను బోర్డులోని చిన్న స్విచ్చులను) కిందికి దించండి. ఎలక్ట్రీషియన్ వచ్చి ఆ పాయింటును విడదీసే వరకు బయటి గది వెలుతురుతోనో, చార్జింగ్ లైటుతోనో సర్దుకోండి. ఈ మధ్య మీ ఇంట్లో ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరాను ఆపేసే స్విచ్చు) తనంతట తానే పడిపోతూ ఉంటే, దాన్ని పదే పదే పైకి ఎత్తకండి. ఎక్కడో కరెంటు తడిలోకి పోతోందని అది చెబుతోంది. అలాగే పిల్లల మంచాన్ని ఆ గోడ నుంచి జరిపించండి. చీపురు కర్ర చివరతో స్నానాలగది కప్పును, గోడ పైభాగాన్ని మెల్లగా తట్టి చూడండి. గట్టి శబ్దం కాకుండా డొల్ల శబ్దం వచ్చిన చోట ప్లాస్టరు స్లాబును వదిలేసిందని అర్థం; అది పెచ్చులుగా ఊడి ఎవరి తల మీదనైనా పడకముందే మేస్త్రి చేత దింపించాలి.

ఇక మీరు అడిగిన మొదటి ప్రశ్న, ఖర్చు ఎవరిదని. దీన్ని కొన్ని రోజులు పక్కన పెట్టండని మిమ్మల్ని ప్రాధేయపడుతున్నాను. నీరు ఎక్కడి నుంచి వస్తోందో తేలకముందు డబ్బు మాట వచ్చిన ప్రతి అపార్ట్‌మెంటులోనూ జరిగేది ఒకటే: పై ఇంటివారు తమను తాము కాచుకునే పనిలో పడతారు, తలుపు మూసుకుంటారు, పరీక్షకు ఒప్పుకోరు. పరీక్ష జరగనిదే మూలం తేలదు. మూలం తేలనిదే ఖర్చు ఎవరిదో ఏ చట్టమూ చెప్పలేదు. కాబట్టి మీకు ఇప్పుడు కావలసింది మాస్టారుగారి స్నానాలగదిలో రెండు మూడు రోజుల పరీక్షకు ఆయన సమ్మతి. ప్రస్తుతానికి ఆయన నుంచి మరేమీ అడగవద్దు.

మాస్టారుగారి మాట అబద్ధం కాకపోవచ్చు. మన అపార్ట్‌మెంట్లలో చాలావరకు స్నానాలగది స్లాబును మిగతా గదుల కన్నా సుమారు ఒక అడుగు లోతుకు దించి పోస్తారు. దాన్ని మేస్త్రులు సంకన్ స్లాబు అంటారు. ఆ గుంటలో నీళ్లు పోయే పైపులు, నహానీ ట్రాప్ (నేల మీది నీళ్లు పోయే జాలీ కింది గిన్నె), కమోడ్ పైపు అమర్చి, ఇటుక ముక్కలతోనో సిండరుతోనో (కాలిన బొగ్గు గడ్డలు) నింపి, పైన కాంక్రీటు పరిచి టైల్స్ వేస్తారు. టైల్స్ మధ్య సందులను పూడ్చే సిమెంటు, అంటే గ్రౌటు, పోయినా, జాలీ చుట్టూ సిమెంటు విడిపోయినా, స్నానం చేసిన ప్రతిసారీ కాసిన్ని నీళ్లు ఆ గుంటలోకి దిగుతాయి. పైన టైల్సు అరగంటలో ఆరిపోతాయి. కింద ఇటుక ముక్కలు మాత్రం స్పంజీలాగా పీల్చుకుంటూ పోతాయి. సంవత్సరాల తరబడి అలా నిండిన గుంట, అడుగున ఉన్న వాటర్‌ప్రూఫింగ్ పూత ఎక్కడ పలచబడితే అక్కడి నుంచి మీ ఇంటికి దారి చేసుకుంటుంది. ఆయన ఇంటికి వెళ్లి చూస్తే నిజంగానే పొడిగా కనిపిస్తుంది. ఆయన చూస్తున్నది టైల్స్‌ను, మీరు చూస్తున్నది గుంట అడుగును. ఈ ఒక్క విషయం ఇద్దరికీ తెలిస్తే సగం కోపం తగ్గుతుందని నా అనుభవం.

గ్రౌటు ఎందుకు పోతుందంటే, చాలా ఇళ్లలో వారం వారం స్నానాలగదిని యాసిడ్‌తో కడుగుతారు. బోరు నీళ్ల ఉప్పు తెల్లగా పేరుకుంటుంది కాబట్టి బెంగళూరులో ఆ అలవాటు మరీ ఎక్కువ. యాసిడ్ ఆ తెల్లటి పొరతో పాటు సిమెంటు గ్రౌటునూ తినేస్తుంది. పదేళ్లు దాటిన భవనాల్లో సూదితో గీకితే ఇసుకలా రాలే సందులను నేను ఎన్నో చూశాను. మీ ఇంట్లోనూ ఆ అలవాటు ఉంటే మానండి. మీ కింద రెండో అంతస్తువారికి వచ్చే ఉగాదికి ఇదే ఉత్తరం రాయవలసిన అవసరం రాకూడదు.

పరీక్షకు ముందు మీ వైపు నుంచి చేయవలసిన పని ఒకటి ఉంది. మీ స్నానాలగదికి పీవీసీ ఫాల్స్ సీలింగు ఉంటే దాన్ని విప్పించండి, అసలు చుక్క ఎక్కడ పుడుతోందో అప్పుడే కనిపిస్తుంది. గోడ మీద చెమ్మ అంచు వెంబడి మెత్తటి పెన్సిలుతో గీత గీసి, పక్కనే తేదీ వేయండి. మూడు రోజులకొకసారి కొత్త అంచు గీయండి. చుక్క పడే చోట ఒక స్టీలు గిన్నె పెట్టి, ఉదయం ఆరింటికి, రాత్రి పదింటికి అందులో ఎన్ని నీళ్లు చేరాయో వంటింట్లో వాడే కొలపాత్రతో కొలిచి నోటుపుస్తకంలో రాయండి. ఆ రోజు వాన పడిందా, పై ఇంట్లో చుట్టాలు వచ్చారా, మాస్టారుగారు ఊరికి వెళ్లారా అన్నవి కూడా రాయండి. పది రోజుల ఈ పుస్తకం, ఎంత పెద్ద ఇంజనీరు వచ్చి చూసినా అతనికి మొదటి పావుగంటలో అందని సమాచారం ఇస్తుంది.

ఎందుకంటే నీటి మూలాన్ని బట్టి దాని నడత మారుతుంది. గోడలో దాచిన నీళ్ల లైను, అంటే ట్యాంకు నుంచి కుళాయిలకు వచ్చే పైపు చీలితే, అందులో ఒత్తిడి ఇరవైనాలుగు గంటలూ ఉంటుంది కాబట్టి పగలూ రాత్రీ తేడా లేకుండా, ఇంట్లో ఎవరూ లేని రోజున కూడా చుక్క పడుతూనే ఉంటుంది. నీళ్లు పోయే పైపులో, ట్రాప్ కీలులో లోపముంటే వాడకం తరువాత పెరుగుతుంది, తెల్లవారుజామున బాగా తగ్గుతుంది. వాటర్‌ప్రూఫింగ్ పోయి గుంట నిండిన చోట చుక్క నిదానంగా, దాదాపు ఒకే తీరుగా పడుతుంది, పై ఇంటివారు వారం రోజులు ఊరికి వెళ్లినా ఆగదు. ఇక్కడే చాలామంది దాన్ని నీళ్ల లైను అని పొరబడతారు. వాన పడిన రెండు మూడు గంటల తరువాత మాత్రమే చెమ్మ ముదిరితే, బయటి గోడ పగుళ్లనో, కిటికీ పైన సజ్జ కీలునో, డక్టులోని (ఉమ్మడి పైపులు పైనుంచి కిందికి దిగే సందు) వాన నీటి పైపునో అనుమానించాలి. మీది ఉగాది తరువాత, మంచి ఎండాకాలంలో మొదలైంది కాబట్టి వాన ఒక్కటే కారణం అనుకోవడానికి లేదు. అయినా బెంగళూరులో ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రపు జడివానలు పడతాయి కనుక ఆ దారిని పూర్తిగా మూసేయను.

ఇక పరీక్షల వరుస. మొదటి రాత్రి, మాస్టారుగారి స్నానాలగదికి నీళ్లు వచ్చే వాల్వును రాత్రి పదింటికి కట్టి ఉదయం ఆరింటికి తెరవాలి. ఆ ఎనిమిది గంటల్లో మీ గిన్నెలో పడిన నీటిని మామూలు రాత్రితో పోల్చండి. బాగా తగ్గితే నీళ్ల లైను మీద అనుమానం బలపడుతుంది. అప్పుడు ప్లంబరు చేత కుళాయిల నోళ్లు మూయించి, చేతిపంపుతో లైనులో ఒత్తిడి ఎక్కించి, గేజి ముల్లు గంటసేపు నిలబడుతుందా లేదా చూస్తే తేలిపోతుంది. తేడా ఏమీ లేకపోతే రెండో పరీక్ష. మిఠాయి రంగు, అదే కేసరిలో వేసేది, ఒక బకెట్టు నీళ్లలో చిక్కగా కలిపి నహానీ ట్రాప్‌లోకి నిదానంగా పోయాలి. కమోడ్ ఫ్లష్ ట్యాంకులో వేరే రంగు వేయవచ్చు. మీ చుక్క రంగు మారితే దారి తెలిసినట్టే. మారకపోతే మాత్రం ఆ పైపు నిర్దోషి అని తీర్మానించకండి. ఒక అడుగు ఇటుక ముక్కల గుండా దిగేసరికి రంగు పలచబడుతుంది, పైకి రావడానికి కొన్ని రోజులూ పట్టవచ్చు.

మూడోది నీళ్లు నిలబెట్టే పరీక్ష. ట్రాప్ నోటిని పాలిథిన్ కప్పిన గుడ్డతో బిగించి, గడప దగ్గర బంకమట్టితో చిన్న గట్టు కట్టి, నేల మీద ఒక అంగుళం ఎత్తు నీళ్లు నింపి 24 నుంచి 48 గంటలు వదిలేయాలి. గోడ టైలు మీద నీటి మట్టం దగ్గర గీత గీసి ఉంచితే, ఎంత తగ్గిందో చూపించడానికి వాదన అక్కర్లేదు. ఈ రెండు రోజులూ ఆ పెద్దలు రెండో స్నానాలగది వాడుకోవలసి వస్తుంది, కాబట్టి వారికి వీలైన రోజులనే అడగండి. ఒక జాగ్రత్త: మీ కప్పుకు ప్లాస్టరు ఉబ్బి వేలాడుతూ ఉన్నా, లైటు పాయింటు ఇంకా విడదీయకపోయినా, ఈ మూడో పరీక్ష చేయించకండి.

ఈ వరుసను నేనింత పట్టుదలగా చెప్పడానికి కారణం మా ఇంట్లోనే ఉంది. కట్టడాల పనుల పర్యవేక్షణే నా వృత్తి అయినా, కొన్నేళ్ల కిందట మా హాలు గోడకు చెమ్మ దిగినప్పుడు, చూడగానే పై ఇంటి స్నానాలగదే అని నిర్ణయించేశాను. నేను ఆ వృత్తివాడిని కాబట్టి వారు నా మాట నమ్మి, టైల్సు పగలగొట్టించి, కొత్తగా వాటర్‌ప్రూఫింగ్ చేయించుకున్నారు. చెమ్మ ఆగలేదు. చివరికి డక్టులోకి మనిషిని దింపి చూస్తే, డాబా మీది నుంచి వచ్చే వాన నీటి పైపు వంపు దగ్గర ఆకులు పేరుకొని, ఓవర్‌హెడ్ ట్యాంకు పొంగిన ప్రతిసారీ అక్కడి కీలు నుంచి నీళ్లు గోడలోకి వెళుతున్నాయి. ఆ కుటుంబానికి నేను కలిగించిన ఖర్చులో సగం ఇస్తానంటే వారు తీసుకోలేదు. ఆ రోజు నుంచి పరీక్ష చేయకుండా ఎవరి గది వైపూ వేలు చూపించలేదు. నీరు స్లాబులో అడ్డంగా ఎన్ని అడుగులైనా ప్రయాణిస్తుంది. చెమ్మ ఉన్న చోటికి నేరుగా పైననే లోపం ఉండాలని లేదు.

మాస్టారుగారితో మాట్లాడేటప్పుడు ఒక్కరే వెళ్లకండి, మీవారిని కూడా తీసుకువెళ్లండి. ప్లంబరును మాత్రం ఆ రోజు వెంట తీసుకువెళ్లవద్దు. "మాస్టారూ, మీ బాత్రూం పొడిగా ఉన్నమాట నిజమే, నేనూ చూశాను. టైల్సు కింద ఒక అడుగు లోతు గుంట ఉంటుందట, అందులో నీళ్లు నిలిచి ఉండవచ్చట. మీదో, డక్టుదో, మాదో తెలుసుకోవాలని ఉంది. పరీక్ష ఖర్చు మేము పెట్టుకుంటాము, మీకు వీలైన మూడు రోజులు చెప్పండి" అన్నంత మాట చాలు. పరీక్ష ఖర్చు మీరు భరిస్తామనడం బలహీనత కాదు. ప్లంబరు కూలి, రంగు పొట్లాం కలిపినా మీరు కెమికల్‌కు పోసిన 14 వేలలో చిన్న భాగం కూడా కాదు. వయసు మీద పడినవారికి ఇంట్లో పగలగొట్టే పని అంటే ఉండే భయం డబ్బు భయం కన్నా పెద్దది: దుమ్ము, మనుషుల రాకపోకలు, పని సగంలో వదిలేసి పోయే మేస్త్రి. ఆ భయాన్ని గుర్తించి, పని జరిగే రోజుల్లో మధ్యాహ్న భోజనం మా ఇంట్లోనే అని చెప్పగలిగితే చెప్పండి. మీ పిల్లలకు తాత, అమ్మమ్మల లాంటివారని మీరే రాశారు కదా.

మీరు మోసపోయిన కెమికల్ సంగతి కూడా చెప్పాలి. కింది నుంచి స్లాబుకు రంధ్రాలు వేసి రసాయనం ఎక్కించడం పూర్తిగా పనికిరాని పద్ధతి అనను. పైన దారి మూసిన తరువాత మిగిలిన పగులును పూడ్చడానికి అది ఉపయోగపడుతుంది. పైన గుంట నిండుగా ఉండగా కింద రంధ్రం పూడిస్తే మాత్రం నీరు అక్కడి నుంచి పక్కకు జరిగి, కడ్డీల వెంబడి పాకి, మరో బలహీనమైన చోటు వెతుక్కుంటుంది. మీ చెమ్మ కప్పు నుంచి పిల్లల గది గోడలోకి మంచం ఎత్తు వరకు దిగడానికి ఆ పని కూడా కొంత కారణమై ఉండవచ్చు. ఇంకెవరైనా ఒక్క రోజులో కింది నుంచే ఆపేస్తానని వస్తే మర్యాదగా పంపించేయండి.

మూలం తేలిన తరువాత మరమ్మతు దానికి తగినంతే ఉండాలి. నీళ్ల లైను అయితే గోడలో ఆ ముక్క మేరకు టైల్సు తీసి, పైపు మార్చి, మళ్లీ ఒత్తిడి పరీక్ష చేసి మూసేస్తారు. రెండు మూడు రోజుల పని. ట్రాప్ కీలు అయితే దాని చుట్టూ రెండేసి అడుగులు విప్పి, పైపు స్లాబును దాటే చోట కుంచించుకుపోని గ్రౌటుతో బిగించాలి. వాటర్‌ప్రూఫింగే పోయి ఉంటే సగం పనులు చేయించవద్దని మాస్టారుగారికి గట్టిగా చెప్పండి: నేల మొత్తం విప్పి, గుంటలోని నానిన ఇటుక ముక్కలన్నీ ఎత్తి పోసి, అడుగు స్లాబును శుభ్రం చేసి, గోడల మీద నేల మట్టానికి కనీసం ఒక అడుగు పైదాకా పాలిమర్ కలిపిన సిమెంటు పూత రెండు విడతలుగా, ఒకటి ఆరిన తరువాత రెండోది, వేయాలి. మూలల్లో గుండ్రంగా గోళా కట్టాలి. ఆ పూత ఎండిన తరువాత, టైల్సు వేయకముందే, 48 గంటలు నీళ్లు నిలబెట్టి మీ కప్పును ఇద్దరూ కలిసి చూడాలి. మేస్త్రి ఆ రెండు రోజులు దండగ అంటాడు. ఆ మాట ఒప్పుకుంటే చేసిన పనంతా నమ్మకం మీద వదిలేసినట్టే. గుంట అడుగు నుంచి డక్టులోకి ఒక సన్నని పైపు వాలుగా పెట్టిస్తే, రేపెప్పుడైనా నీళ్లు దిగినా మీ కప్పులోకి రాకుండా డక్టులో పడి అందరికీ కనిపిస్తాయి. టైల్సు సందులకు ఈసారి ఎపాక్సీ గ్రౌటు వాడమనండి. ఖరీదు ఎక్కువే గాని సిమెంటు గ్రౌటు కన్నా చాలా కాలం నిలుస్తుంది.

ఇప్పుడు ఖర్చు. ఒక ఫ్లాటు లోపలి టైల్సు, కుళాయిలు, ఆ ఫ్లాటుకే చెందిన పైపులు, దాని నేల వాటర్‌ప్రూఫింగ్ ఆ యజమాని బాధ్యత అన్నదే సాధారణంగా సంఘం నియమావళిలో, అంటే బైలాస్‌లో ఉండే ఏర్పాటు. డక్టులో పైనుంచి కిందికి దిగే ఉమ్మడి పైపులు, వాన నీటి పైపులు, డాబా, బయటి గోడలు అందరివీ; వాటి మరమ్మతు అసోసియేషన్ నిధి నుంచి జరగాలి. చెమ్మ వల్ల పాడైన మీ గోడ, రంగుల విషయంలో నా సలహా, న్యాయం ఎంత ఉన్నా, పై ఇంటివారు వెంటనే మరమ్మతుకు ఒప్పుకున్నట్లయితే రంగుల ఖర్చు మీరే పెట్టుకోండి. తెలిసి కూడా నెలల తరబడి ఆలస్యం చేసినవారిని మాత్రం అది కూడా అడగడం సబబు. మీకు గృహ బీమా ఉంటే పత్రం తీసి చూడండి. 2021 ఏప్రిల్ నుంచి సాధారణ బీమా కంపెనీలు అమ్ముతున్న భారత్ గృహ రక్ష పాలసీలో పైపులు పగలడం, ట్యాంకులు పొంగడం వల్ల కలిగిన నష్టం ఉంటుంది. ఏళ్ల తరబడి నిదానంగా ఊరిన చెమ్మకు మాత్రం సాధారణంగా పరిహారం దొరకదు. ఇక బిల్డరును అడిగే అవకాశం మీకు లేదు. ఇళ్లు కొనేవారి రక్షణకు వచ్చిన 2016 నాటి రెరా చట్టం 14వ సెక్షను కింద, స్వాధీనం ఇచ్చిన అయిదేళ్ల లోపు బయటపడి కొన్నవారు తెలియజేసిన నిర్మాణ లోపాన్ని బిల్డరు 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. మీది 2013 నాటి భవనం. కొత్త ఫ్లాట్లలోకి ఇటీవలే చేరిన పాఠకులు మాత్రం ఈ అయిదేళ్ల గడువును కేలెండరులో రాసి పెట్టుకోవాలి.

సెక్రటరీగారు "మీ రెండిళ్ల వ్యవహారం" అనడం నాకు బాధ కలిగించింది. కర్ణాటక అపార్ట్‌మెంట్ యాజమాన్య చట్టం 1972లోనే ఉంది. దాని కింద డిక్లరేషన్ దస్తావేజు (భవనాన్ని ఆ చట్టానికి లోబరుస్తూ రాసే పత్రం) రిజిస్టరైన భవనాల్లో, ఉమ్మడి భాగాలకో మరొక ఫ్లాటుకో నష్టం కలగకుండా అత్యవసర మరమ్మతు చేయడానికి తగిన వేళల్లో ఏ ఫ్లాటులోకైనా వెళ్లే హక్కు అసోసియేషన్‌కు ఉంటుంది. మీ సంఘం 1960 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద రిజిస్టరై ఉంటే, బైలాస్‌లో మరమ్మతులు, ప్రవేశం గురించి ఏమి రాసుకున్నారో చూడాలి. ఏదైనా సరే, ఆ స్లాబూ దానిలోని కడ్డీలూ మీ రెండిళ్లవి మాత్రమే కావు, భవనం మొత్తానివి. ఈ మాటను ఒక పేజీ ఉత్తరంగా రాసి, ఫొటోలు, నోటుపుస్తకం నకళ్లు జతచేసి సెక్రటరీగారికి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. వచ్చే కమిటీ సమావేశం మినిట్స్‌లో నమోదు చేయమనండి. పరీక్ష రోజున కమిటీ నుంచి ఒకరు ఉండమని అడగండి. మూడో మనిషి ఉంటే ఫలితం మీద తరువాత పేచీ ఉండదు.

కమిటీకి వాళ్ల డబ్బు కోణం నుంచి చెప్పినా వింటారు. ఫ్లాటుకు విడివిడిగా నీటి మీటర్లు లేని భవనాల్లో గోడలో పోయే నీటి ఖర్చును నలభై ఇళ్లూ పంచుకుంటాయి. సెకనుకు ఒక్క చుక్క పడినా, మిల్లీలీటరుకు ఇరవై చుక్కల చొప్పున రోజుకు నాలుగు లీటర్ల పైచిలుకు, నెలకు 130 లీటర్లు అవుతుంది. అది మీ గిన్నెలో కనిపిస్తున్న లెక్క, గోడ పీల్చుకున్నది వేరు. 2024 వేసవిలో బోర్లు ఎండి ట్యాంకర్ల కోసం కాచుకున్న రోజులు ఆ ప్రాంతంవారు ఇంకా మరిచిపోలేదు. కావేరి నీరు సుమారు వంద కిలోమీటర్ల దూరం నుంచి, పంపులతో కొండెక్కించినట్టు ఎక్కించి ఈ ఊరికి తెస్తున్నారు. గోడల పాలయ్యే ఆ నీటిని తలుచుకుంటే, అనంతపురం మనిషిగా మీకు కలిగే కష్టం నేను వేరే చెప్పనక్కర్లేదు.

కోర్టు గురించి. తప్పదా అంటే, ఇప్పటికి అవసరం లేదు. పరీక్షకు, మరమ్మతుకు ఎవరూ ఒప్పుకోని పరిస్థితి వస్తే ముందు జిల్లా న్యాయ సేవల ప్రాధికార సంస్థకు అర్జీ పెట్టండి. వ్యాజ్యం వేయకముందే ఇద్దరినీ పిలిచి మాట్లాడిస్తారు. లోక్ అదాలత్‌లో కుదిరిన రాజీకి 1987 నాటి చట్టం ప్రకారం కోర్టు తీర్పుతో, అంటే డిక్రీతో, సమానమైన విలువ ఉంటుంది, కోర్టు ఫీజు ఉండదు. అదీ కుదరకపోతే సివిల్ కోర్టు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 26వ ఆర్డరు కింద స్థలాన్ని చూసి నివేదిక ఇవ్వడానికి కోర్టు కమిషనర్‌ను నియమించవచ్చు. అక్కడ కూడా మొదట అడిగేది నీరు ఎక్కడి నుంచి వస్తోందనే. మీ నోటుపుస్తకం, తేదీలున్న ఫొటోలు, సంతకమున్న ఉత్తరం అప్పుడు ఆధారాలవుతాయి. కానీ విచారణ సాగినన్ని నెలలూ నీరు కారుతూనే ఉంటుందన్నది మరిచిపోకండి.

స్లాబు బలం సంగతికి వస్తే, కొన్ని నెలల చెమ్మకు స్లాబు కూలదు. భయం కడ్డీల తుప్పుది. స్లాబులో కడ్డీల కింద కాంక్రీటు పొర సాధారణంగా 20 మిల్లీమీటర్లే ఉంటుంది. తుప్పు పట్టిన ఇనుము అసలు ఇనుము కన్నా రెండింతలకు పైగా చోటు ఆక్రమిస్తుంది కాబట్టి లోపలి నుంచి ఆ పొరను నెట్టి పగలగొడుతుంది. తెల్లటి చౌడు కనిపించినంత మాత్రాన కంగారు పడకండి; అది నీటితో వచ్చిన లవణం. కప్పు మీద గోధుమ రంగు గీతలు జానెడు దూరాల్లో వరుసగా కనిపించినా, కాంక్రీటే పెచ్చులుగా ఊడి కడ్డీ బయటపడినా ఆలస్యం చేయకుండా స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవండి. అప్పుడు ఆ ఖర్చు అసోసియేషన్‌దే అని ధైర్యంగా అడగవచ్చు.

పిల్లల గది గోడ మీద నల్లటి బూజు చుక్కలు వచ్చి ఉంటే, ముక్కుకు మాస్కు కట్టుకొని, కిటికీలు తెరిచి, నీళ్లు కలిపిన బ్లీచుతో తుడవండి. పిల్లలను ఆ పూట వేరే గదిలో ఉంచండి. స్నానాలగదిలో వాడే యాసిడ్‌ను బ్లీచుతో ఎట్టి పరిస్థితిలోనూ కలపవద్దు, ఊపిరితిత్తులను కాల్చే క్లోరిన్ వాయువు పుడుతుంది. ఆ గోడకు బీరువా ఆనించి ఉంటే జానెడు జరిపి గాలి ఆడనివ్వండి.

చివరిగా, మరమ్మతు అయిన మర్నాడే మీ కప్పు పొడిబారుతుందని ఎదురుచూడకండి, పొడిబారలేదని మాస్టారుగారి మీద మళ్లీ అనుమానపడకండి. స్లాబూ గోడా తాగిన నీరు వదలడానికి రెండు వారాలు, ఒక్కోసారి నెలకు పైగా పడుతుంది. గిన్నెలో పడే నీరు రోజు రోజుకూ తగ్గుతుంటే పని సరిగ్గా జరిగినట్టే. డొల్లబోయిన ప్లాస్టరు తీసేసి గోడను అలాగే వదిలేయండి, ఎంత వికారంగా కనిపించినా పుట్టీ పూయనివ్వవద్దు. చివరి పెన్సిలు గీత పక్కన మీరు వేసిన తేదీ నుంచి ఒక నెల పాటు చెమ్మ ఆ గీత దాటకుండా లోపలికి ముడుచుకుంటూ పోయి, మధ్యలో ఒక పెద్ద వాన కూడా పడి గోడ అలాగే నిలబడితే, అప్పుడు రంగులవాడిని పిలవండి.